మొదటి నమస్కారం

ఎనభైల్లో సంగతి. మావారు పోయాక, జహీరాబాద్‌లో ఆయన పనిచేసిన ఆఫీసులోనే నాకు ఉద్యోగమిచ్చారు. "మా ఆఫీసోళ్లు సొంతోళ్ల లెక్కనే," అనేవారాయన. మా ఇంటి అల్లం పచ్చడంటే హెడ్ క్లర్కుగారికి ప్రాణమని, వేరే డబ్బాలో పట్టుకెళ్లేవారు.

చేరినరోజు నేనూ పచ్చడి తీసుకెళ్లాను. నేను లోపలినుంచి వస్తుంటే, అప్పుడే ఆఫీసుకొస్తున్న హెడ్ క్లర్కుగారు గుమ్మంలో ఎదురయ్యారు. మావారు చెప్పిన మఫ్లర్‌ను బట్టి గుర్తుపట్టి, "నమస్తే అన్నా! నేను..." అంటూ చేతులు జోడించాను.

ఆయన నా బోసినుదురు చూసి గిరుక్కున వెనక్కి తిరిగారు. వరండాలో కూర్చుని, "పొద్దుగాలనే ఎదురొచ్చింది. జర మంచినీళ్లియ్యి," అని అటెండర్‌ను అడిగారు. తాగి, కాసేపాగి, మళ్లీ లోపలికి వచ్చారు.

నా పేరు నోట్లోనే ఉండిపోయింది. పచ్చడి అలాగే ఇంటికి తెచ్చుకున్నాను. తన సొంతవాళ్లను మావారు ఇలా చూడకుండానే పోయారు. నాకు అదొక్కటే ఊరట.