కప్పు అడుగున గీత

నా చిన్నప్పుడు మా ఇంటి టీ కప్పుల మీద నాకొక ఫిర్యాదు ఉండేది. పైనంతా నునుపు, అడుగున అంచు మాత్రం గరుకు. ఆ అంచు బల్ల మీద గీతలు పెడితే తిట్లు నాకు పడేవి. కప్పును ఎవరూ ఏమీ అనేవారు కారు.

ఏక్‌బాల్‌పూర్‌లో రేవు పనివాళ్ల సందులో ఉండేవాళ్లం. మా చిన్నమావయ్య మాత్రం చదువుకుని, ఖనిజాలు వెతికే కంపెనీలో చేరి, బీహారు కొండల్లో బోర్లు వేయించి పైకొచ్చిన రాయిని పరీక్షించేవాడు. ఒక ఆదివారం సంచిలో రెండు రాళ్లతో దిగాడు. ఒకటి పసుపుగా ధగధగలాడుతోంది. రెండోది పాత బెల్లం ముక్కలా ఉంది. మర్నాడు పెద్దాఫీసులో రాగి కోసం ఇంకో బోరు అడగాలి. ఇవ్వకపోతే క్యాంపు ఎత్తేస్తారు, ఇన్నేళ్ల శ్రమా మట్టిపాలు.

మెరిసే రాయి సంగతి అమ్మమ్మ తన పద్ధతిలో గుట్టుగా ఉంచింది. అంటే టీ చల్లారేలోపు సందంతా తెలిసింది. పక్కింటి బెంగాలీ దాదా "షోనా! షోనా!" అంటూ బంగారం చూడ్డానికి లుంగీతోనే వచ్చేశాడు. నేను మనసులో అప్పటికే డబ్బున్నవాళ్లుండే సాల్ట్ లేక్‌లో మేడకి మారిపోయాను.

"ఇది సూపిత్తే బోరేటి, కొండే ఇచ్చేత్తార్రా!" అంది అమ్మమ్మ.

మావయ్య టీ తాగేసి, కప్పు బోర్లించి, గరుకు అంచు మీద అమ్మమ్మ బంగారు ఉంగరాన్ని సుతారంగా రాశాడు. పసుపు గీత. మెరిసే రాయిని నా చేతికిచ్చి గీయమన్నాడు. నల్లటి గీత. సందంతా ఒక్కసారిగా పేదదైపోయింది.

తర్వాత రెండో రాయి గీశాను. లేత గోధుమ గీత, దాంతో కుళ్లిన గుడ్డు వాసన. మేమంతా ముక్కులు మూసుకుంటే మావయ్య మల్లెపూలు చూసినట్టు వెలిగిపోయాడు.

"ఇది జింకు! ఆ కొండ ఒకప్పుడు సముద్రం అడుగు. నేల పగుళ్లలోంచి సలసల కాగే నీళ్లు లోహాల్ని మోసుకొచ్చేవి. రాగి ఆ ఊట మూతికాడ పేరుకుంటాది, జింకు కాస్త ఎడంగా. జింకు దొరికిందంటే రాగి దగ్గర్లోనే ఉండాల!"

మనుషులు పుట్టకముందే ఆరిపోయిన ఊట మా బల్ల మీద కంపు కొడుతోంది. నేను మేడ సంగతి మర్చిపోయాను.

మర్నాడు మావయ్య మెరిసే రాయిని ఇంట్లో వదిలేసి, కంపు రాయినీ నేను గీసిన కప్పునీ పట్టుకెళ్లాడు. బోరు ఇచ్చారు. వానలు వెళ్లాక గుమ్మంలోంచే అరుస్తూ వచ్చాడు: రాగి తగిలింది, బాగా లోతున, మందంగా!

ఇప్పటికీ ఏది ధగధగలాడినా, న్యూ టౌన్ ఫ్లాటైనా మా అమ్మాయికొచ్చిన సంబంధమైనా, ముందు గరుకు అంచు కోసం వెతుకుతాను. ఆ అలవాటు మావయ్య ఇచ్చింది. దాంతోపాటు, అతని గంతులు చూసి అమ్మమ్మ అన్న మాటనీ మోస్తున్నాను.

"రాగి సెంబు ఇంట్లో ఉందిగదరా. దానికోసం అంత నోతుకెల్లాలేటి?"