తేట గుంటలో కొత్త గుంజ

"...దిగింది అంటున్నారు, సరే. ఎవరు దింపారు సార్? మట్టి తనంతట తాను లేచి నడిచిపోదు కదా."

"ఎండకి ఎండి అణిగి ఉంటుంది. నువ్వు చదవాల్సింది గుంజ మీద గీతలు. మట్టి మనసులో ఏముందో మనకెందుకు?"

"నాలుగు రోజులు వాన కురిస్తే ఎండ ఎక్కడిది సార్?"

గని ఆఫీసు కిటికీ బయట కాంటా గుమాస్తా టీ గ్లాసు పట్టుకుని ఈ మాటలన్నీ విన్నాడు. లోపల సూపర్‌వైజరు గొంతు తగ్గించాడు. కాసేపటికి కర్రమ్మ బయటికొచ్చింది. చంకలో రిజిస్టరు, చేతిలో వెదురు కర్ర. రేపు పదింటిలోగా కొలత రాసి సంతకం పెట్టాలని వెనక నుంచి సూపర్‌వైజరు గుర్తు చేశాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

కర్రమ్మ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పంతొమ్మిదేళ్ళ కిందట డంపు వాలు మీద గడ్డి నాటే పనికి వచ్చింది. గనిలోంచి తీసిన పనికిరాని మట్టినంతా పోస్తే ఎదిగిన కొండ, ఆ డంపు. ప్రతి వానా దాన్ని కోస్తుంది. కొబ్బరి పీచు వల పరిచి, దాని కన్నాల్లో గడ్డి దుబ్బులు గుచ్చి, నీళ్ళు ఉరకకుండా కాలవల్లో రాళ్ళు అడ్డం పేర్చి పేర్చి, వాన మొదలైన పది నిమిషాల్లో ఏ కాలవ ముందు ఎర్రబడుతుందో చూడకుండానే చెప్పగలిగేదాకా వచ్చింది. అప్పుడామెకి తేట గుంట అప్పజెప్పారు.

డంపు మీది బురద నీళ్ళన్నీ ఆ గుంటలోకి వచ్చి ఆగుతాయి. మట్టి అడుక్కి చేరుతుంది. పైన తేరిన నీళ్ళు గొట్టంలోంచి వాగులోకి పోతాయి. అడుగున మట్టి ఎంత చేరిందో గుంట మధ్యలో పాతిన ఇనుప గుంజ చెబుతుంది. మట్టి దాని మీది ఎర్ర గీతని అందుకుంటే, లారీలు నింపే మిషను ఆ పని మానేసి రెండు రోజులు గుంట తవ్వాలి. ఆ రెండు రోజుల ఊసెత్తితే చాలు, సూపర్‌వైజరు ముఖం గంటు పెట్టుకుంటాడు.

ఒకసారి గాలివానకి గుంజ పక్కకి ఒరిగింది. అప్పటి నుంచి ఆమె గుంజనొక్కదాన్నే నమ్మడం మానేసింది. వెదురు కర్ర చివర చెక్క బిళ్ళ కొట్టి, గుంట మీది పలక వంతెన నుంచి దాన్ని మట్టికి ఆనేదాకా దించి, ఎంతవరకు దిగిందో అక్కడ కత్తితో గాటు పెట్టుకుంటుంది. ఆ కొలతలు ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి ఎవరూ వద్దనలేదు.

రెండేళ్ళ కిందట గుంట నిండి పొర్లింది. తొమ్మిది రోజులు వాగు ఎర్రగా పారింది. కింది ఊళ్ళో ఉండే ఆమె చెల్లెలికి ఇంటి వాడకానికి ఆ వాగు నీళ్ళే దిక్కు. "నీ డ్యూటీ ఏంటక్కా, కూర్చుని చూడటమా?" అనడిగి, ఆ తర్వాత నాలుగు నెలలు మాట్లాడలేదు. ఇప్పుడు వచ్చే సోమవారం నుంచి మళ్ళీ పెద్ద వానలంటున్నారు.

ఆఫీసు నుంచి ఆమె సరాసరి గుంట దగ్గరికి వెళ్ళింది. పోయిన శుక్రవారం మట్టి ఎర్ర గీతకి రెండు వేళ్ళు కింద ఉంది. ఇవాళ జానెడు కింద ఉంది. గట్టు మీద మిషను దిగిన జాడ లేదు. పలక మీద నిలబడి కర్ర దించింది. గాటు ప్రకారం మట్టి బెత్తెడు పెరిగింది. మట్టి దిగలేదు. గీతే పైకి ఎక్కింది.

వంగి చూసింది. పాత గుంజకి బండ తగిలిన సొట్ట ఉండేది. దీనికి లేదు. తుప్పు లేదు, రంగు ఇంకా మెరుస్తోంది. ఆదివారం ఆమెకి సెలవు. ఆ రోజే మార్చి ఉంటారు. ఎవరై ఉంటారా అని ఒక్కొక్కరినే తలుచుకుంది. ఎన్నడూ లేనిది పొద్దున ఒంట్లో ఎలా ఉందని అడిగిన మిషను డ్రైవరు. ఆమెని చూసి చూడనట్టు పోయిన స్టోరు కీపరు. ఆ తర్వాత ఆమె చెయ్యి గుంజ కొస మీద ఆగింది.

పైపు మూతికి గుండ్రటి రేకు బిళ్ళ వెల్డు చేసి ఉంది. అంచు వేలికి గీరుకోకుండా ఆకురాయితో రుద్ది ఉంది. బురదలో నిలబెట్టే గుంజకి ఇంత పని ఎవరు చేస్తారు? వర్క్‌షాపులో ఒక్కడే చేస్తాడు. వాళ్ళింట్లో బట్టలారేసే గుంజలకీ, గేటు స్తంభాలకీ అలాంటి మూతలే ఉన్నాయి. ఆ వెల్డరు ఆమె మొగుడు.

సాయంత్రం ఆమె వెళ్ళేసరికి ఆయన ఇంట్లోనే ఉన్నాడు. రెండేళ్ళుగా అడుగుతున్న పగటి డ్యూటీ ఈ సోమవారమే ఇచ్చారు. ఆ రోజు ఆమె సంతోషపడింది. ఇప్పుడు దాన్నీ లెక్కలో వేసుకుంది. అన్నం వడ్డిస్తూ ఆయన చేతులు చూసింది. థిన్నరుతో కడుక్కున్న తోలు తెల్లగా పాలిపోయి ఉంది. బొటనవేలి గోటి మొదట్లో ఎరుపు.

"పెయింటు పని కూడా మీకే చెప్తున్నారా?"

చేతిలో బ్రష్షు పెడితే వేస్తామని చెప్పి, ఆయన మంచినీళ్ళు అడిగాడు. చెంబు ఆయన పక్కనే ఉంది.

"పైపుకి మూత ఎవరు వెయ్యమన్నారు?"

ఆయన నమలడం ఆపాడు. "ఎవరూ అన్లేదు. కందిరీగలు గూడు పెడతాయని."

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. పాతది వంగిందని సూపర్‌వైజరు కొలతల చీటీ ఇచ్చాడట. చీటీలో ఎక్కడుంటే అక్కడ గీత వేశాడట. ఏ గుంటకో అడగలేదట. ఇంకో రెండు ముద్దలు తిన్నాక, అడక్కపోయినా తెలుసన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"గుంజని నువ్వెప్పుడు నమ్మావే? ఎలాగూ కర్రతోనే కొలుస్తావు. గీత ఎక్కడుంటే ఏంలే అనుకున్నా."

అది ఆమె మీద నమ్మకమో, సోమవారం నుంచి సిద్ధం చేసి పెట్టుకున్న జవాబో ఆమెకి తేలలేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన అబద్ధమాడగా పట్టుకున్నది లేదు. ఆయన ఆడలేదో, తను పట్టుకోలేదో ఇప్పుడు చెప్పలేకపోతోంది.

పొద్దున మబ్బు కిందికి దిగి ఉంది. ఆమె కర్రకి అంటిన బురద గుడ్డతో తుడుస్తోంది. ఆయన గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ తలెత్తకుండా అన్నాడు. "నిన్న సూపర్‌వైజరుతో వాదించావుగా, అది చాల్లే. ఇవాళ్టికి గుంజ మీదున్నది రాసెయ్. మిషను సంగతి వానలు తగ్గాక ఆయనే చూస్తానన్నాడు."

ఆఫీసులో జరిగిన వాదన గురించి ఆమె ఇంట్లో ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఆమె తుడవడం ఆపింది. కర్ర గోడకి ఆనించి, రిజిస్టరు సంచిలో పెట్టుకుంది.

"పదింటికి కర్ర కొలత రాస్తాను," అంది. "గుంజ మార్చారని రాస్తాను. ఎవరు చేశారో కూడా రాస్తాను."