గౌరి పలుపు

సూరత్‌ల మా అడాజన్ దిక్కు రోడ్డు పక్కన ఆవులకు పెట్టేటందుకు పచ్చగడ్డి కట్టలు అమ్ముతరు. ఆ వాసన తగిలితే చాలు, మా ఆవు గౌరి యాదికొస్తది.

ఆ ఏడు మా ఊర్ల చినుకు పడలే. గడ్డి లేక, అమ్మ ఇంటికప్పు మీది గడ్డే పీకి గౌరికి ఏసింది. ఆఖరికి నాయిన దాన్ని అంగడికి తోలుకపోయి, పొద్దుగూకంగ ఒక్కడే వచ్చిండు. భుజం మీద పలుపుతాడు ఉంది.

"గౌరేది నాయినా?"

"పచ్చగడ్డి ఉన్న కాడికి పోయింది బిడ్డా."

పలుపు ఇంట్లనే ఉందంటే గౌరి మళ్లొస్తదనుకున్న. ఆవునమ్మినా పలుపు ఇయ్యరని, ఇస్తే కొట్టంల లక్ష్మి పోతదని నాకేం తెలుసు? నేను తాగే నీళ్లల్ల సగం దాని గోలెంల పోసేదాన్ని.

తర్వాత మగ్గాల పనికని సూరత్ వచ్చినం. ఈడ గడ్డి కట్టలు చూసి, గౌరి గీ ఊరికే వచ్చిందనుకున్న. భేస్తాన్‌ల మేం మొదట దిగిన కిరాయి రూముల అమ్మ ఆ పలుపును బట్టలారేసే దండెంగ కడుతుంటే ఏడుపొచ్చింది.

"గౌరి దొరికితే దేంతోని కట్టేస్తం?"

అమ్మ నాయిన దిక్కు చూసింది.

ఆ దండెం మీద మా అందరి బట్టలు ఆరినయి. నాయిన మాత్రం బతికినన్నాళ్లు తన తడి అంగిని కిటికీకే తగిలేసుకున్నడు.