ఎసెన్‌కుల్ అగాయ్ అడ్డగీత

ఎసెన్‌కుల్ అగాయ్ ఎవరింటికి వెళ్లినా టీ కంటే ముందు తన నవల అడిగేవారు. చదవడానికి కాదు, గీకడానికి. కోటు లోపలి జేబులోంచి క్షవరం బ్లేడు తీసి, మొదటి పేజీ మొదటి వాక్యంలో ఒకే ఒక్క అక్షరం మధ్య ఉన్న అడ్డగీతను గీకేసి, చెదిరిన గుండ్రాన్ని ఆకుపచ్చ సిరాతో దిద్ది, ఉఫ్ అని ఊదాకే టీ గిన్నె అందుకునేవారు.

మా భాషలో చెయ్యిని కొల్ అంటాం, సరస్సును క్యొల్ అంటాం. రాతలో రెంటికీ తేడా ఆ గుండ్రటి అక్షరం కడుపులో ఉండే చిన్న గీత: ఉంటే సరస్సు, లేకపోతే చెయ్యి. ‘సత్తార్ యుద్ధం నుంచి ఒక చెయ్యి లేకుండా తిరిగొచ్చాడు’ అని ఆయన రాస్తే, ‘ఒక సరస్సు లేకుండా తిరిగొచ్చాడు’ అని ఆరువేల ప్రతులు అచ్చయ్యాయి. అదీ ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డున ఉన్న అచ్చాఫీసులో!

“సరస్సు పోగొట్టుకోవడమేమిటయ్యా? జేబులో పెట్టుకెళ్లాడా? చెయ్యి! మోచేతి దాకా! గొడ్డలి పట్టే చెయ్యి!” అని ఆయన బస్సులో, పెళ్లిలో, గొర్రెల సంతలో కేకలు పెట్టేవారు. ఒకప్పుడు బడిపంతులు కాబట్టి ఊరంతా అగాయ్ అనే పిలిచేది, బుద్ధిగా వినేది, వెనక్కి తిరగ్గానే నవ్వుకునేది. ఎందుకంటే ఆ గీత ఆయన రాతప్రతిలోనే ఉందని అచ్చాఫీసు విచారణలో తేలిపోయింది.

“తన తప్పు తానే గీక్కుంటున్నాడు పాపం” అనేవాళ్లు.

రాజధానిలో ఒక విమర్శకుడు ఆ సరస్సు మనిషి పోగొట్టుకున్న మనశ్శాంతి అని మూడు కాలమ్‌లు రాశాడు. అగాయ్ రోజంతా బస్సులో ప్రయాణం చేసి వెళ్లి అతని బల్ల మీద బ్లేడు పెట్టారు.

“మూడొందల పేజీల్లో నా సత్తార్ ఒంటిచేత్తో జీను కట్టాడు, ఒంటిచేత్తో గడ్డి కోశాడు. మీరు మొదటి పేజీ దాటలేదా?”

“నిజం చెప్పమంటారా అగాయ్? సరస్సే బాగుంది.”

ఆ ఇంట్లో ఆయన టీ ముట్టలేదు.

బడిలో ఇంకా ఘోరం. ‘ఈ నవలలో సరస్సు దేనికి గుర్తు?’ అని పరీక్షలో అడిగారు. అగాయ్ మేనకోడలి కూతురు ‘చేతికి’ అని రాసింది. తప్పింది.

కడుపునొప్పితో ఆయన్ని స్ట్రెచర్ మీద ఆపరేషన్ గదికి తోసుకెళుతుంటే నర్సు బల్ల మీద నవల కనబడింది. “ఆపండి!” అని అరిచారు. ఆపారు. పడుకునే గీకారు.

ఈ గీకుడుతో ఊళ్లో అందరికంటే ఎక్కువ ఒళ్లు మండేది కాలిచాకు. ఆ పేజీ కూర్చిన కంపోజిటరు ఆమే. అచ్చాఫీసులో ఊడ్చే పనికి చేరి, కింద రాలిన సీసపు టైపు ఏరుతూ అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఎవరూ నేర్పలేదు. పద్నాలుగేళ్లు టైపు పేర్చే స్టిక్కు పట్టుకున్నా ఒక్క అక్షరం తప్పు కూర్చలేదని పేరు. అలాంటి మనిషి కూర్చిన పేజీని ఇంటింటికీ తిరిగి గీకడమంటే, భోజనం గుడ్డ మీద రొట్టెను బోర్లా పెట్టి అవమానించినట్టే ఆమెకు.

విచారణ రోజు ఆమెకు బాగా గుర్తుంది. తప్పు ఎవరిదో తేలితే వాళ్లు కట్టల గదికి పోయి పుస్తకాల కట్టలకు తాళ్లు బిగించాలని, జన్మలో టైపు ముట్టకూడదని డైరెక్టరు బెయిషెనోవ్ ప్రకటించాడు. గీత ఉన్న అక్షరం, గీత లేని అక్షరం టైపు పెట్టెలో పక్కపక్క గళ్లలోనే ఉంటాయి. వేలు జారిందా? జారలేదనే అనుకుంది. కానీ ఒట్టేసి చెప్పలేకపోయింది. గోడ అవతల అగాయ్ రంకెలు వినబడ్డాయి.

“ఆ రాతప్రతి ఇటు పడెయ్యవయ్యా! కిటికీ దగ్గర వెలుతురులో చూడనీ!”

తరవాత కాసేపు చప్పుడు లేదు. తరవాత మళ్లీ రంకెలు. ఆఖరికి డైరెక్టరు బయటికొచ్చి, “గీత రాతప్రతిలోనే ఉంది. అగాయ్‌దే తప్పు. వెళ్లి పని చూసుకో కాలిచా” అన్నాడు. వెనకాలే అగాయ్ మొహం కందగడ్డలా చేసుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయారు.

ఆ నిమిషానికి ఆమె బతికాననుకుంది. మర్నాటి నుంచి కోపం వచ్చింది. తప్పు తనదైనప్పుడు ఈ పెద్దమనిషి నోరు మూసుకుని ఉండొచ్చుగా!

ఏటేటా ఆయన అచ్చాఫీసుకు వచ్చి ఆమె ముందు నిలబడేవారు.

“కాలిచా, నీ దగ్గరున్న ప్రతి?”

“ఇవ్వను.”

“ఒక్క గీత!”

“మీ చేత్తో గీసిన గీతే కదా, ఉండనివ్వండి. ప్రూఫు చూసిందీ మీరే. మొదటి పేజీ కంఠతా వచ్చని వదిలేసింది కూడా మీరే.”

“నీ నాలుకకు బ్లేడక్కర్లేదు” అని గొణుక్కుంటూ పోయేవారు.

ఇలా పదకొండేళ్లు. ఈలోగా ఇంకో రెండు పెద్ద నవలలు రాశారు. ఎప్పటిలాగే కిటికీ గట్టు దగ్గర నిలబడి, పెన్సిలుతోనే. ఆకుపచ్చ పెన్నుతో ఒక్క వాక్యం రాయలేదు. ఎవరైనా అడిగితే మళ్లీ మండిపడేవారు. “రాయడానికి కొన్నాననుకున్నావా? పుస్తకం అచ్చయి వచ్చిన పొద్దున, ఆ దరిద్రపు గీత చూశాక కొన్నాను!”

ఆయనకు డెబ్భై ఏళ్లు నిండిన ఏడు పట్టణంలోని మ్యూజియం వాళ్లు సత్తార్ నవల రాతప్రతిని అద్దాల పెట్టెలో పెడతామన్నారు. కింద అతికించే చీటీలో మొదటి వాక్యం ఉండాలి. ఆ చీటీ కూర్చే పని కాలిచాకే వచ్చింది. బెయిషెనోవ్ ఇనప్పెట్టెలోంచి రాతప్రతి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. కూర్చిన నాటి తరవాత ఆమె దాన్ని మళ్లీ చూడటం ఇదే మొదటిసారి.

పేజీ అంతా పెన్సిలు. సత్తార్ పెన్సిలు, యుద్ధం పెన్సిలు, గుండ్రటి అక్షరం పెన్సిలు. దాని కడుపులో అడ్డగీత మాత్రం ఆకుపచ్చ సిరా.

కాలిచా కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. ఆకుపచ్చే.

“ముసలాయన అబద్ధం కూడా సరిగ్గా ఆడలేడు!” అంది పైకే. “పెన్సిలు దొరకలేదా?” ఆ తరవాత ఇంతెత్తున కోపం వచ్చింది, ఈసారి బెయిషెనోవ్ మీద. “కళ్లున్నాయా అన్నా మీకు?”

బెయిషెనోవ్ కిటికీలోంచి కొండలు చూస్తూ, “నాకు రంగులు సరిగ్గా కనబడవు చెల్లీ” అన్నాడు. ఆయన ప్రతి శరత్కాలంలో ఆపిల్ పళ్లు రంగు చూసి ఏరి మరీ కొంటాడు.

రాతప్రతిని పెట్టెలో పెట్టే రోజు మ్యూజియంలో సభ జరుగుతోంది. అగాయ్ ప్రసంగాలు వదిలేసి, ఒక మూల మ్యూజియం వాళ్ల ప్రతిని గీకుతున్నారు. కాలిచా గుడ్డలో చుట్టిన తన ప్రతి తీసి ఆయన ముందు పెట్టింది.

“నా వేలే జారింది, అగాయ్.”

ఆయన తలెత్తారు. ఆమె చేతిలోని చీటీ చూశారు, పుస్తకం చూశారు, గబగబా పెన్ను జేబులో దాచుకున్నారు.

“ఏం వాగుతున్నావ్? విచారణ అయిపోయింది. కాగితం మీద ఉంది కదా!”

“ఉంది. ఆకుపచ్చగా ఉంది.”

అగాయ్ చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు గడ్డం గోక్కుని, బ్లేడు ఆమె వైపు తోశారు.

“సరే, నీ ప్రతి నువ్వే కానివ్వు.”

కాలిచా ఊపిరి బిగబట్టి సన్నగా గీకింది. అగాయ్ భూతద్దం పెట్టి చూశారు, అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు, ఒక్కసారిగా సభంతా అదిరేలా అరిచారు.

“గీత గీకమంటే గుండ్రం కూడా గీకేశావేంటమ్మా! ఇప్పుడు నా సత్తార్ ఏం లేకుండా తిరిగొచ్చినట్టు?”