వెనక నుంచి సరే

మా వైపు పల్లెల్లో తారు రోడ్డు వేయించమని జనం ధర్నాలు చేస్తుంటే, మేమిద్దరం సింగపూర్‌లో కంకర రోడ్డు కోసం వెతుక్కునేవాళ్ళం. ఈ మాట అని మా వారిని ఎన్నిసార్లు దెప్పానో లెక్కలేదు. గ్రావెల్ బైక్ అంటే కంకర మీదా మట్టి మీదా తొక్కడానికి చేసిన లావు టైర్ల సైకిలు. దుమ్ము కూడా పర్మిషన్ తీసుకుని లేచే ఈ ఊళ్ళో కంకర ఎక్కడ దొరుకుతుంది? రైలు పట్టాలు పీకేసిన పాత దారి ఒకటి, క్రాంజీలో తోటల వెనక మట్టి బాటలు కొన్ని. వాటినే తిప్పి తిప్పి తొక్కేవాళ్ళం.

ఆయనకి సైకిలు పిచ్చి. నాకు ఆయన పిచ్చి. అందుకని నేనూ ఒకటి కొనిపించుకున్నాను. వారమంతా చాంగీ బిజినెస్ పార్క్‌లో పక్కపక్క బిల్డింగుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని, ఆదివారం తెల్లవారగానే ఆంగ్ మో కియోలోని మా ఫ్లాట్ నుంచి బయల్దేరేవాళ్ళం.

మాకొక పద్ధతి ఉండేది. ముందు వెళ్ళేవాళ్ళు దారిలో ఏముందో అరవాలి. గుంత, రాయి, నీళ్ళు, కుక్క, ఏదైతే అది. వెనకవాళ్ళు "సరే" అనాలి. సరే వినపడకపోతే ముందువాళ్ళు ఆగి వెనక్కి చూడాలి. ఇంట్లో ఎంత గొడవ పడి మూతులు ముడుచుకున్నా సరే, సైకిలెక్కాక సరే అని తీరాలి. ఇంట్లో మీరు, అండీ అనే నేను సైకిలు మీద మాత్రం "గుంత! చూసుకో!" అని కేకేసేదాన్ని. గుంత ముందుకొచ్చాక అండీ అనేంత తీరిక ఎక్కడుంటుంది? మమ్మల్ని చూడ్డానికొచ్చిన మా అత్తగారు ఒకసారి అది విని సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. క్రాంజీలో పనివాళ్ళ డార్మిటరీల పక్కనుంచి వెళ్తూ నేను "రాయి!" అని అరిస్తే, ఎవరో కుర్రాళ్ళు "అక్కా, తెలుగోళ్ళా? ఏ ఊరక్కా మీది?" అని ఆపి టీ ఇచ్చారు. మళ్ళీ ఆదివారం మేం కనపడగానే వాళ్ళే "రాయి! గుంత!" అని అరిచి నవ్వారు.

ఇదంతా ఒక లోయ కోసం. ఆల్ప్స్ కొండల్లో ఉన్న ఆ లోయ ఫొటో ఒకటి ఆయన ఎక్కడో చూశారు. ఏటి మీద ఒక చెక్క వంతెన, వంతెన మీద నిలబడితే ఎదురుగా మంచుకొండ. అక్కడ కంకర దారులు మూడున్నాయని ఫోన్‌లో మ్యాపు సాగదీసి సాగదీసి చూపించారు. వాటికి పేర్లూ ఆయనే పెట్టారు. పైన పచ్చిక దాకా ఎక్కేది ఆవుల దారి. మధ్యలోది అడవి దారి. అడుగున నీళ్ళ పక్కన పోయేది ఏటి దారి. మూడూ తొక్కాలి, చివర్న ఆ వంతెన మీద కూర్చుని అన్నం తినాలి. ఆయన కోరికల్లా అంతే.

కొండెక్కడం నేర్చుకోవాలంటే సింగపూర్‌లో కొండేదీ? ఉన్నదాన్ని కొండ అంటే కొండలు నవ్వుతాయి. అందుకని ఇక్కడి సైక్లిస్టుల్లాగే మేమూ బహుళ అంతస్తుల కార్ పార్కుల ర్యాంపులు ఎక్కేవాళ్ళం. ఆయన జబ్బు బయటపడింది అక్కడే. ఎండలోంచి ర్యాంపు నీడలోకి వెళ్ళగానే ఆయన బ్రేకులు వేసేసేవారు. "పట్టపగలు భయమేమిటండీ!" అని ఏడిపించేదాన్ని. ఒక ఆదివారం నేను "స్తంభం!" అన్నాను, ఆయన "సరే" అన్నారు, అని నేరుగా వెళ్ళి స్తంభాన్ని గుద్దుకున్నారు.

కళ్ళ డాక్టరు చాలాసేపు చూసి, మీ అమ్మానాన్నలు పెళ్ళికి ముందే బంధువులా అని అడిగారు. మా వారు కాస్త గొప్పగానే, అమ్మ, నాన్నకి సొంత అక్క కూతురని చెప్పారు. డాక్టరు పెన్ను పక్కన పెట్టారు. అంచుల నుంచి మొదలుపెట్టి చూపు లోపలికి కుంచించుకుపోతుందనీ, దీనికి మందు లేదనీ నెమ్మదిగా చెప్పారు. ఆ రోజు ఫోన్ చేస్తే అత్తగారు, "మీ మావయ్యగారి బాబాయికి కూడా పొద్దుగూకితే కనపడేది కాదమ్మా, మేమే దీపం పట్టుకుని తోడు నడిచేవాళ్ళం" అన్నారు. అదేదో వాళ్ళింటి ఆచారమైనట్టు చెప్పారు. సంబంధం బయటికి పోకూడదని తరాల తరబడి ఇంట్లోనే ఇచ్చి పుచ్చుకున్న కుటుంబం. నేను మొట్టమొదటి బయటి పిల్లని. కోపంతో ఒళ్ళంతా మండిపోయింది. ఎవరి మీద పడాలో తెలియక ఆ రోజు గిన్నెల మీద పడ్డాను.

ఆయన మాత్రం వెంటనే టికెట్లు కొన్నారు. చూపు ఉండగానే ఆ లోయ చూడాలన్నారు. ఇంతలో కరోనా వచ్చి దేశాలన్నీ తలుపులు మూసుకున్నాయి. "లోయ ఎక్కడికి పోతుందిలే" అని అందరూ ధైర్యం చెప్పారు. నిజమే, లోయ ఎక్కడికీ పోలేదు.

ఆ రోజుల్లో ఆయన మ్యాపులోంచి ఒక్కో దారీ తీసేస్తూ వచ్చారు. ముందు ఆవుల దారి పోయింది, దిగుడులో మలుపులెక్కువని. తర్వాత అడవి దారి, చెట్ల నీడలో ఏమీ కనపడదని. ఏటి దారి ఒక్కటే మిగిలింది. చివరికి సైకిలు తొక్కడమే మానేశారు. ఆయన సైకిలు అమ్మేసిన రోజు నేను బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

టాండమ్ నేనే తెచ్చాను. ఒకరి వెనక ఒకరు కూర్చుని ఇద్దరూ తొక్కే సైకిలు. ఈస్ట్ కోస్ట్‌లో సముద్రం పక్కన అద్దెకిస్తారు. ముందు నేను, వెనక ఆయన. ఒక చైనీస్ అంకుల్ మమ్మల్ని చూసి, "వాహ్, మేడమ్ డ్రైవింగ్, సార్ రిలాక్స్ లా!" అన్నాడు సింగపూర్ ఇంగ్లీషులో. మా వారు నవ్వి చెయ్యి ఊపారు, అంకుల్ లేని వైపుకి.

దారులు తెరిచాక వెళ్ళాం. అప్పటికి ఆయనకి మిగిలిన చూపు చిల్లికుండ అడుగున మిగిలిన నీళ్ళంత, వెలుగూ చీకటీ తెలిసేంత. అద్దె టాండమ్ మీద ఏటి దారిలో కంకర కరకరలాడుతుంటే, ప్రతి మలుపులోనూ "ఇప్పుడేముంది?" అనేవారు. నేను చెప్పేదాన్ని. చెక్క ఇల్లు. కిటికీలో ఎర్రపూలు. గంట కట్టిన ఆవు. ప్రతిదానికీ వెనక నుంచి "సరే".

వంతెన దగ్గరికి వచ్చేసరికి లోయంతా పొగమంచు. కొండ లేదు, ఏరు లేదు, వంతెన అవతలి కొస కూడా లేదు.

"ఏముంది?"

"ఏమీ కనపడట్లేదు. అంతా పొగమంచు."

"నిజంగానా? నన్ను ఊరుకోబెట్టడానికి కాదు కదా?"

"మీ మీద ఒట్టు."

ఆయన పెద్దగా నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. "అయితే ఇవాళ ఇద్దరం సమానమే" అన్నారు. వంతెన చెక్కల మీద పక్కపక్కన కూర్చుని డబ్బా తెరిచాం. బస చేసిన చోట పొద్దున్నే కలిపిన పులిహోర. తింటూ తింటూ ఆయన, "నీకు కనపడి నాకు కనపడకపోతే తట్టుకోలేనేమో అని రాత్రంతా భయపడ్డాను" అన్నారు. చిన్నపిల్లాడిలా వేళ్ళు నాక్కున్నారు. ఆయన అంత తేలికపడటం చూసి నాకూ ప్రాణం తేలికపడింది.

అప్పుడు పొగమంచు కదిలింది. ముందు ఏరు కనపడింది, తర్వాత అవతలి గట్టు, తర్వాత ఒక్కసారిగా కొండ. ఫొటోలో ఉన్నట్టే ఉంది, కాకపోతే అంత పెద్దదని ఫొటో చెప్పలేదు. పైన తెల్లగా మంచు, ఆయన మ్యాపులోంచి తీసేసిన ఆవుల దారి సన్నగా దాని ఒడిలోకి ఎక్కుతూ. చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది. ఆయన కోసం తెచ్చుకున్న లోయ అది, నాకొక్కదానికే కనపడుతోంది.

"ఇంకా పొగమంచేనా?" అని అడిగారు.

"ఇంకా పొగమంచే" అన్నాను.

ఎండ అప్పటికే ఆయన మొహం నిండా పడింది. కళ్ళు మూసుకుని, ఆ వెచ్చదనం వైపు మొహం తిప్పారు. తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసి, "సరే" అన్నారు.