క్వినైన్ ఉగాది

ఈ ఉగాదికి రోజ్ బెల్ దగ్గరి ముసలివాళ్ల ఇంట్లో దేవుడి గంటలు మోగాయన్న కబురు మీ దాకా వచ్చే ఉంటుంది. సెయింట్ పియర్ నుంచి ఇద్దరు కొబ్బరికాయలు పట్టుకుని రైలెక్కి మరీ వచ్చారు. వాళ్లకు నిజం చెప్పడానికి నోరు రాలేదు, కొబ్బరి మాత్రం తిన్నాను. మీరు నా వాళ్లు కాబట్టి చెబుతున్నా. టీ తాగుతూ వినండి. ఆ గంటలు మోగించింది నేనే.

నా ఉద్యోగం సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. చెరుకుతోటల్లో ఒళ్లు అరగదీసుకుని, ఇక చేతకాని వయసులో ఎవరూ లేక మిగిలిపోయిన ముసలివాళ్లను పెట్టి చూసే ఇల్లు అది. ఇరవైరెండు మంచాలు. సగం మంది మన కోరంగీలే, తెలుగుదేశం నుంచి ఓడలో వచ్చి దిగినవాళ్లు. తక్కినవాళ్లు భోజ్‌పురీ మాట్లాడే తాతలూ, ఈ ద్వీపపు క్రియోల్ అవ్వలూ. ఇంటిని నడిపేది ఒక ఫ్రెంచి సన్యాసిని. మేమంతా మసేర్ అంటాం. నేను డ్రెస్సరుని. పుళ్లు కడిగి కట్లు కట్టడం, మందులు మింగించడం నా పని. కట్లు కట్టడంలో నాకు మంచి పేరుంది. మింగించడంలో ఎంత పేరుందో ఇప్పుడు వినండి.

చలిజ్వరం మన ద్వీపంలో ఎవర్ని వదిలింది? దానికి మందు క్వినైన్ బిళ్ల. జ్వరమున్నవాళ్లకు రోజూ, లేనివాళ్లకు వారానికోసారి శనివారం నాడు. మావాళ్లు బిళ్ల నోట్లో వేసుకుని, నా ఎదురుగా గటగటా నీళ్లు తాగి, "మెర్సీ" అని దండం పెట్టి నవ్వేవాళ్లు. నేను అటు తిరగ్గానే బుగ్గలోంచి తీసి కిటికీలోంచి విసిరేసేవాళ్లు. ఆ కిటికీ కింద మసేర్ పెంచిన గులాబీలకు మాత్రం ఒక్కనాడూ జ్వరం రాలేదు.

వీళ్లందరిలోకీ మొండిఘటం నూకాలమ్మ మామ్మ. నేను పుట్టిన కూలీల లైన్లో మా పక్క గదే ఆమెది. మా అమ్మ తోటకి వెళితే నన్ను చంకనేసుకుని తిరిగింది. ఆమెకు రోజు విడిచి రోజు మధ్యాహ్నానికి ఠంచనుగా జ్వరం వచ్చేది. మంచం గజగజ ఊగేది. మందు తీసుకెళితే మిగతావాళ్లలాగా నటించేది కూడా కాదు, పళ్లు బిగించి కూర్చునేది.

"ఒక్క బిళ్ల, మామ్మా."

"నాకొద్దు. ఏరేగా మందులెట్టినోళ్లందరూ ఎటెల్లారో నేను సూళ్లేదేటి?"

డాక్టరు గురువారం గురువారం వస్తాడు. పండగకి ముందు గురువారం మామ్మ కడుపు నొక్కి చూసి, కనురెప్ప కిందకి లాగి చూసి, మసేర్‌తో తేల్చి చెప్పేశాడు. వచ్చే గురువారానికి జ్వరం ఆగకపోతే పట్నం ఆసుపత్రికి పంపించేద్దాం, బండి కూడా తెస్తాను అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదు. కానీ మా ఇంట్లోంచి పట్నానికి వెళ్లిన ముగ్గురూ తిరిగి రాలేదు, మామ్మకు అది తెలుసు. ఆమె ముసలాయన్ని పాతిపెట్టింది మా వెనక చెరుకుగట్టు పక్కనే. ఆ రాత్రి మామ్మ అన్నం ముట్టలేదు. బండెక్కించారంటే దారిలోనే ప్రాణం పోతుందని నాకు అర్థమైపోయింది. నాకు నిజంగా భయం వేసింది.

శనివారం ఉగాది. ఏడాదికోసారి భజనకి మసేర్ ఒప్పుకుంటుంది. భజన నడిపించే సోమయ్య గారు సెయింట్ పియర్ నుంచి పొద్దున్న రైలుకి తాళాలతో, పంచాంగంతో దిగాడు. తేవలసింది వేపాకు. అదొక్కటీ తేలేదు.

"ఏమయ్యా, వేప లేని ఉగాది ఏం ఉగాది?" అన్నాను.

"కంగారులో మరిచిపోయాను అప్పలసామీ. చేదు లేకపోతే ఏమైందిలే, అందరూ సంతోషిస్తారు" అన్నాడు.

పచ్చడి చేసే పని నాది. ఇక్కడ ఉగాదికి మామిడికాయ ఉండదు కదా, పుల్లటి సితేర్ కాయ సన్నగా తరిగాను. చింతపండు పిసికాను, బెల్లం కలిపాను, మిరపకాయ చిదిమి వేశాను. చేదుకి ఏం వెయ్యాలా అని చూస్తే ఎదురుగా మందుల బీరువా. క్వినైన్ పొడి సీసా నాకేసే చూస్తోంది. నా బుర్రలో దీపం వెలిగింది. ఉగాదినాడు పచ్చడి చేదేమిటని ఎవరడుగుతారు? పైగా ఆ చేదుకి మొహం చిట్లిస్తే ఏడాదంతా ఆ మొహమే మిగులుతుందని మావాళ్ల నమ్మకం. మామ్మ ఒక్కదానికి చిన్న గిన్నెలో తీసి, పది గ్రెయిన్లు తూచి కలిపి, భక్తిగా పట్టుకెళ్లాను.

మామ్మ గిన్నె చూసింది, నన్ను చూసింది, దూరంగా ఉన్న కుండ చూసింది.

"నాకు ఏరే గిన్నేటి? అందరి కుండలోది అయితేనే తింటాను. అదీ ముందు నువ్వు తింటేనే."

ఏం చెయ్యను? కుండ పట్టుకుని మళ్లీ వంటింట్లోకి పరిగెత్తాను. అక్కడ నిలబడి లెక్క వేసుకున్నాను. శనివారం, ఎలాగూ అందరికీ వారం మోతాదు పడాల్సిన రోజే. తలకి పది గ్రెయిన్లయితే ఎవరికీ హాని లేదు, జ్వరానికి రోజూ ఇచ్చేదే. ఇరవైరెండు తలలు. పొడి తూచి కుండలో పోసి కలిపాను. పులుపులో ఇట్టే కరిగిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. లెక్కలో సోమయ్య గారినీ మసేర్‌నీ మరిచిపోయాననీ, నన్ను నేను అసలే మరిచిపోయాననీ బయటికి వచ్చాక గాని తెలియలేదు.

"తిను" అంది మామ్మ.

మీకు చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఈ ఉద్యోగంలో చేరాక ఇంతమందికి క్వినైన్ పెట్టాను గాని నేను ఒక్కసారి నాలిక్కి తగిలించుకోలేదు. గరిటెడు నోట్లో వేసుకున్నాను. కళ్లలోంచి నీళ్లు వచ్చాయి. మొహం చిట్లించకూడదు. పొర్లి పొర్లి ఏడవాలని ఉంది, చిరునవ్వు నవ్వుతూ నిలబడ్డాను. మామ్మ నన్ను తేరిపార చూసి నోరు తెరిచింది. మింగింది. ముఖంలో ఒక్క నరం కదల్లేదు.

తరవాత వరసగా అందరూ తిన్నారు. పండగ కాబట్టి క్రియోల్ అవ్వలూ చేతులు చాపారు. సోమయ్య గారు తిని, గుటక వేసి, "చేదు బాగానే కుదిరిందే" అని నీరసంగా అన్నాడు. వేప లేకుండా చేదెలా వచ్చిందని అడగడానికి ఆయనకి మొహం లేదు. మసేర్ మర్యాదకి చెంచాడు తీసుకుంది. ఇరవైనాలుగు మొహాలు బిగబట్టుకుని కూర్చున్నాయి. అంత పవిత్రమైన నిశ్శబ్దం ఆ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

భజన మొదలైంది. రెండు పాటలయ్యాయి. సోమయ్య గారు పంచాంగం తీసి చదవబోయి ఆగిపోయాడు.

"ఎవరది గంట కొడుతున్నది?"

ఎవరూ కొట్టడం లేదు. అంతలో ఇంకో మూలనుంచి ఇంకొకరు తనకీ వినపడుతోందన్నారు. ఆపైన మరొకరు. క్వినైన్ పడితే చెవుల్లో గింగురుమంటుందని నాకు తెలుసు. ఈ జనంలో ఒక్కరైనా దాన్ని మింగి ఉంటే గదా వాళ్లకి తెలియడానికి? చెవిటి రామన్న తాత లేచి నిలబడ్డాడు. తోటలో బాయిలరు పేలినప్పటినుంచి ఆయనకి పిడుగు పడినా వినపడదు.

"నా సెవుల్లో గంటరా. సింహాద్రి అప్పన్న గంటరా అది" అని ఏడ్చేశాడు.

అంతే. ఇంకెవరాపుతారు? గోవిందా అంటే గోవిందా అని ఇంటి కప్పు ఎగిరిపోయింది. నడవలేనివాళ్లు మంచాల మీదే చేతులెత్తారు. నేను స్తంభం వెనక దాక్కున్నాను. నా చెవుల్లోనూ మోగుతోంది మరి.

సాయంత్రం మసేర్ పిలిచింది. తలుపు మూసింది. ఈ ద్వీపానికి వచ్చాక ఎన్నోసార్లు జ్వరం తగిలి క్వినైన్ మింగిన మనిషి, ఆ గంట ఏ గుడిదో ఆమెకి బాగా తెలుసు.

"అప్పలసామీ, ఎన్ని గ్రెయిన్లు?"

"తలకి పది, మసేర్." ఉద్యోగం పోయిందనుకున్నాను.

ఆమె నన్ను చూసింది. తరవాత కిటికీలోంచి తన గులాబీలను చూసింది.

"రేపు అందరికీ సగం వెయ్యి. నూకాలమ్మకి రెండు గరిటెలు. తూచేటప్పుడు నేను పక్కన ఉంటాను" అంది.

మర్నాడు బతిమాలే పనే లేదు. పొద్దున్నే వంటింటి ముందు వరస. అందరికంటే ముందు రామన్న తాత. ఈ ఏడు ఉగాది అయిదు రోజులని, నేను అడగ్గానే, సోమయ్య గారే తిరుగు రైలెక్కే ముందు పంచాంగం మీద చెయ్యివేసి చెప్పేశాడు. వేప మరిచిన పాపానికి ఆ మాత్రం చెయ్యవలసిందే. మామ్మ పెద్దవయసు కాబట్టి రెండు గరిటెలంటే అందరూ న్యాయమేనన్నారు. ఆదివారం మధ్యాహ్నం జ్వరం వచ్చింది గాని మంచం ఊగలేదు. మంగళవారం రావలసిన జ్వరం రాలేదు. రాత్రయినా రాలేదు.

గురువారం డాక్టరు వచ్చాడు. వెనకే ఎద్దుబండి. మామ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నాడి చూశాడు, కడుపు నొక్కాడు, కనురెప్ప లాగాడు. పట్నం పంపమన్నది ఈమెనేనా అని మసేర్‌ని రెండుసార్లు అడిగాడు. బండి ఖాళీగా వెళ్లిపోయింది. నేను గేటు దాకా వెళ్లి సాగనంపాను, అంత గర్వంగా నా పెళ్లినాడు కూడా నడవలేదు. గెలిచాను. ఒక్క బిళ్ల మింగని ఇంటిచేత అయిదు రోజులు క్వినైన్ మింగించాను.

వెనక్కి వచ్చి మామ్మ పక్కన కూలబడ్డాను.

"చూశావా మామ్మా, దేవుడి పచ్చడి మహిమ" అన్నాను మీసం దువ్వుతూ.

మామ్మ చేటలోంచి తలెత్తలేదు.

"ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఏపపువ్వు ఏరినదాన్ని నాయనా. నోట్లో ఎట్టుకోగానే తెలిసింది, ఇది నీ సీసాలోదని."

నా చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. "మరెందుకు మింగావు?"

"ఏరేగా ఎడితే సచ్చేదానికి ఎట్టినట్టుంటది. అందరితో కలిపి ఎట్టావు, నేనూ బతికేవోళ్లలో ఒకదాన్నే అనుకున్నాను. మింగాను."

నేనూ తలవంచి చేటలో రాళ్లు ఏరడం మొదలుపెట్టాను.

"మొకం అలా ఎట్టకు. మందు బాగానే కలిపావు" అంది. "పచ్చడే సెయ్యడం రాదు నీకు. అయిదు రోజులూ ఉప్పెయ్యలేదు. దేవుడిదని ఎవరూ నోరెత్తలేదు గాని."

ఈ ఆఖరి ముక్క మాత్రం మా ఆవిడ చెవిన వెయ్యకండి. కూరలో ఉప్పు తగ్గిందని రోజూ కంచం నెట్టేసేవాణ్ణి నేనే.