ఖబూరాలో మంచు తవ్విన రోజు

మస్కట్‌లోని ఘాలాలో మా రూమ్‌లో ఆరుగురం ఉంటాం. డ్యూటీ నుంచి వచ్చాక ఒకరు సినిమా చూస్తారు, ఒకరు ఇంటికి వీడియో కాల్ చేస్తారు. నేను మాత్రం మంచుదేశాల వాళ్ళు చేపలు పట్టే వీడియోలు చూస్తాను. వాళ్ళు గడ్డకట్టిన చెరువు మీద దర్జాగా నడుచుకుంటూ వెళ్తారు. బ్యాటరీ డ్రిల్లుకు నడుమెత్తు బర్మా బిగించి మంచుకు బొక్క పెడతారు. ఆ బొక్క పక్కనే కుర్చీ వేసుకుని గాలం వేస్తారు. నీకేమైనా పిచ్చా అని రూమ్‌వాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

నిజానికి నన్ను పట్టుకున్నది చేపలు కాదు, ఆ డ్రిల్లు. అచ్చం అలాంటిదే నా దగ్గరా ఉంది. మా కంపెనీ కంచెలు, నీడ కోసం వలపందిళ్ళు వేస్తుంది. మట్టి తవ్వే బర్మాను ఆ డ్రిల్లుకే తగిలించి కర్రలకు గుంతలు తీస్తాను. వాళ్ళు మంచులో, నేను ఇసుకలో. ఆ వీడియోల్లో నాకు అంతుపట్టని సంగతులు రెండున్నాయి. పైన గడ్డకట్టిన చెరువు కింద ఎందుకు గడ్డకట్టదు? అందులో చేప ఎట్లా బతుకుతుంది? రూమ్‌లో అడిగితే, చేపలకు అలవాటైపోయి ఉంటుందిలే, మనకు ఈ ఎండ అలవాటు కాలేదా అన్నాడొకడు. ఇక రెండోది, ఒక ముసలాయన డ్రిల్లు బ్యాటరీని కోటు లోపలి నుంచి, రొమ్ము దగ్గర దాచుకున్న నగలా బయటికి తీశాడు. బ్యాటరీని అంత భద్రంగా దాచుకోవడం ఎందుకో ఎంత ఆలోచించినా తేలలేదు.

సముద్రం ఒడ్డున ఉన్న ఖబూరాలో మా బావ ఉంటాడు. మా అక్క భర్త. ఒక చేపల వ్యాపారి దగ్గర పని. ఆ యజమానిని అందరిలాగే ఆయనా అర్బాబ్ అంటాడు. ఆరేళ్ళు అర్బాబ్ ఖర్జూరం తోటలో నీళ్ళు కట్టాడు. జూన్ ఎండకు ముక్కు నుంచి రక్తం కారేది. అక్కకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు కూడా. రెండు నెలల కిందట చేపల కోల్డ్‌రూమ్ చూసుకునే మనిషి ఏదో పొరపాటు చేస్తే, అర్బాబ్ అతన్ని తోటకు పంపి, బావను ఆ పనిలో పెట్టాడు. అప్పటి నుంచి ఫోన్‌లో బావ గొంతే మారిపోయింది. తిన్నావా, పన్నావా అని అడగడంతో ఆగకుండా ముచ్చట్లు చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ గురువారం సాయంత్రం తెలిసినవాళ్ళ పికప్ ఎక్కి ఖబూరా వెళ్ళాను. వంట చేసుకునే చోట బావకు నాలుగు కర్రలు పాతి పరదా కట్టివ్వాలని డ్రిల్లు, బర్మా కూడా వెంట తీసుకెళ్ళాను. బావ కోడికూర వండుతానంటూ పొయ్యి దగ్గర కూర్చున్నాడు. నాకు ముందుగా గుర్తొచ్చింది బ్యాటరీలు. మా సైట్‌లో జూన్ వస్తే వాటిని చంటిపిల్లల్లా చూసుకోవాలి. వేడెక్కితే పనిచేయవు, చార్జింగూ ఎక్కదు. తడి గోనెసంచి కింద పెడతాం, ఏసీ ముందు పెడతాం. ఇక్కడ ఏకంగా కోల్డ్‌రూమే ఉంది కదా! అందులో ఉన్న రెండు గదుల్లో ఏది ఎక్కువ చల్లగా ఉంటుందని అడిగితే, బావ కూర కలుపుతూ ఎడమవైపుది అన్నాడు. ఆ గదిలో నా మోకాళ్ళ పైదాకా వచ్చే ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉంది. మందమైన గోడలు, మూత తీసి ఉంది. లోపల మంచుముక్కలు, నీళ్ళు, చేపలు. బ్యాటరీలు రెండూ దాని పక్కనే పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయి బయటికొచ్చాను.

పొద్దున తలుపు తీసిన బావ అక్కడే కూలబడ్డాడు.

"కొంప మునిగింది రా బామ్మర్ది. డబ్బ తీసుడు మర్శిన."

అసలు సంగతి అప్పుడు చెప్పాడు. చేపల డబ్బా ఉండాల్సింది కుడివైపు గదిలో. అక్కడ చల్లదనం చేప గట్టిపడనంత మాత్రమే. గురువారం మధ్యాహ్నం ఆ గది ఫ్యాన్ ఆగిపోయింది. ఎండకు చేపలు పాడవుతాయన్న భయంతో బావ డబ్బాను ఎడమవైపు గదిలోకి తోశాడు. అది అన్నిటినీ రాయి చేసే గది. చలి బాగా తగలాలని మూత కూడా తీశాడు. మెకానిక్ వచ్చి ఫ్యాన్ బాగుచేసేసరికి నేను దిగాను. కోడికూర హడావిడిలో డబ్బా సంగతే మర్చిపోయాడు. ఎండలో బతికేవాళ్ళకు చల్లదనం ఎంత ఎక్కువైతే అంత మంచిదనే నమ్మకం. ఆయన చేపల్ని పెట్టాడు, నేను బ్యాటరీల్ని పెట్టాను.

డబ్బా పైన మంచు పలకలా బిగుసుకుపోయింది. లోపలున్నవి కనద్ అనే సముద్రపు చేపలు. బొచ్చె, రవ్వ తప్ప తెలియని మా వైపు వాళ్ళం ఇక్కడికొచ్చాక నేర్చుకున్న పేరు అది. శుక్రవారం నమాజు అయ్యాక మస్కట్ నుంచి హోటల్‌కు కొనేవాడు వస్తాడు. అతనికి తాజా చేపే కావాలి. ఒకసారి గడ్డకట్టిన చేపను కన్ను చూసే పట్టేస్తాడట. చేపలు గడ్డకట్టి ఉంటే బావ మళ్ళీ తోటకే. బావ గడ్డపార ఎత్తి ఒక దెబ్బ వేశాడు. మంచు చిట్లలేదు కానీ డబ్బా అంచు పగిలింది. ఇంకో దెబ్బ వేయడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

నాకు మాత్రం, ఇలా చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే, భయంతో పాటు లోపలెక్కడో సంబరం. ఆ డబ్బా నాకు చెరువులా కనిపించింది. బర్మా తెచ్చి బ్యాటరీ తగిలించి నొక్కాను. డ్రిల్లు రెండు చుట్లు మూలిగి ఆగిపోయింది. రెండో బ్యాటరీతోనూ తిరగలేదు. రెండూ నిండుగా చార్జి ఉన్నవే. అప్పుడు తట్టింది నాకు కోటులో బ్యాటరీ దాచుకున్న ముసలాయన సంగతి. బ్యాటరీకి వేడి ఎంత శత్రువో గడ్డకట్టే చలీ అంతే. తల కొట్టేసినట్టయింది.

వాటిని ఎండలో పెడదామంటే, ఒక్కసారిగా అంత వేడి తగిలితే ఏమవుతుందోనని జంకాను. తడి తుడిచి, పొడిగుడ్డలో చుట్టి, తలా ఒకటి చంకలో పెట్టుకుని గడప బయట నిలబడ్డాం. జిల్లుమని ప్రాణం పోయినంత పనైంది. దారిన పోయే బంగాలీ ఒకతను మమ్మల్ని చూసి జ్వరమా అని అడిగాడు. ఆ ఖాళీలో బర్మా మొనను ఆకురాయితో సానపట్టాను. మట్టికి మొద్దుమొన చాలు గానీ మంచు దానికి లొంగదు.

అరగంట తర్వాత డ్రిల్లు తిరిగింది. గేరు తగ్గించి, కాళ్ళు ఎడంగా పెట్టి, బావ చేపలు తక్కువని చెప్పిన మూలలో మెల్లగా నొక్కాను. మొన మొదట జారింది, తర్వాత పట్టుకుంది. కొబ్బరికోరులా మంచు పైకి లేచింది. మొన ఒక్కసారిగా బిగుసుకున్నప్పుడు మణికట్టు మెలితిరిగి అబ్బా అన్నాను. బెత్తెడు దిగింది, ఇంకాస్త దిగింది. ఎంత దిగినా మంచే. బావ మొహం చూడలేక బర్మా వైపే చూశాను. ఉన్నట్టుండి బర్మా చటుక్కున కిందికి జారింది. బొక్కలోంచి నీళ్ళు పైకి ఉబికాయి.

నేను డ్రిల్లు పక్కన పడేసి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. ఎముకలు కొరికే చలి. వేళ్ళకు చేప తగిలింది. నొక్కితే మెత్తగా లొంగి, పక్కకు జారింది. గోడల మందానికి చలి పక్కల నుంచి పోలేదు, పైనుంచే దిగింది. పైన కట్టిన పలకే కిందివాటికి దుప్పటి అయింది. చెరువుల్లో జరిగేదీ ఇదేనని అర్థమై కేక పెట్టబోయాను. బావ నన్ను పక్కకు నెట్టి తన చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

అంచు వెంట వరసగా బొక్కలు పెట్టి, పలకను ముక్కలుగా ఎత్తి తీశాం. పలకలో ఇరుక్కున్నవి తొమ్మిది చేపలు తేలాయి. మిగిలినవన్నీ బాగున్నాయి. వాటిని కొత్త మంచులో సర్ది కుడివైపు గదిలోకి చేర్చాం. అర్బాబ్ అడిగితే ఫ్యాన్ మీదికి తోసెయ్యమని చెప్పాను.

"మెకానిక్ నిన్ననే బాగైందని ఆయనకు ఫోన్ కొట్టిండు. ఎట్ల తోస్త?" అన్నాడు బావ.

నమాజు తర్వాత అర్బాబ్, కొనేవాడు ఇద్దరూ వచ్చారు. కొనేవాడు ఒక్కో చేప మొప్ప ఎత్తి, కన్ను నొక్కి చూసి, తల ఊపి, తూకానికి పెట్టమన్నాడు. నేను ఊపిరి పీల్చుకునే లోపే బావ ఆ తొమ్మిదింటినీ తెచ్చి అర్బాబ్ ముందు పెట్టాడు. వచ్చీరాని హిందీలో, మర్చిపోయింది నేనే, డబ్బా పగలగొట్టిందీ నేనే అన్నాడు. అర్బాబ్ పగిలిన అంచు తడిమాడు, బొక్కలున్న మంచుముక్కలు చూశాడు, ఇది దేనితో చేశారని అడిగాడు. నేను డ్రిల్లు చూపించాను. దాన్ని తీసుకుని ఒకసారి గిర్రున తిప్పి చూసుకుని, ఆ తొమ్మిదీ మీరు తినండి, రేపు పొద్దున బండి వస్తుంది, మంచు సిద్ధంగా ఉంచు అని బావతో చెప్పి వెళ్ళిపోయాడు.

అర్బాబ్ తోట మాట ఎత్తలేదు. ఆ సంతోషం బావతో చెప్పుకుందామని చూస్తే బయట కనిపించలేదు. కుడివైపు గదిలో, కోటు కూడా వేసుకోకుండా, గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా వణుకుతోంది. కళ్ళల్లో నీళ్ళు. జ్వరమొస్తుంది, బయటికి రమ్మన్నాను.

"ఇంకొంచెంసేపు ఈడనే ఉండనియ్యి రా," అన్నాడు.